మహిసాక్షి అన్న మాటకి నేను చెప్పిన అర్థం

మా ఇంట్లో నన్ను అనుమానపు మనిషి అనేవారు. కోపం వచ్చేది గానీ, కాదనలేకపోయేవాణ్ణి. పాలు పోయించుకుంటే చెంబు అడుగు వంచి చూసేవాణ్ణి. రైలు టిక్కెట్టు చేతికొస్తే దాని మీద ఊరి పేరు రెండుసార్లు చదివేవాణ్ణి. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతంతో నాకు చిన్నప్పటి నుంచీ స్నేహమే. దాని పుణ్యమా అని నన్నెవరూ మోసం చెయ్యలేకపోయారని లోలోపల గర్వం కూడా ఉండేది. నా అనుమానం వల్ల ఇంకొకడు మునిగిపోవచ్చునన్న సంగతి మాత్రం ఇరవై మూడో ఏట గానీ తెలియలేదు.

అవి పందొమ్మిది వందల ముప్పైలు. కొల్లేట్లో ఒక లంక మీదున్న బోర్డు బడికి నన్ను పంతులుగా వేశారు. మాది భీమడోలు దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. వరి గురించి అడిగితే చెప్పగలను గానీ చేపల గురించి నాకేమీ తెలియదు. గుండుగొలను దాటి గట్టు దాకా నడిచి, అక్కడ తాటిదోనె ఎక్కితే ఊరు. తాటిమొద్దు తొలిచి చేసిన ఆ దోనెలో కదలకుండా కూర్చోవడం నేర్చుకోవడానికే నాకు నెల పట్టింది. ఊళ్ళో అందరిదీ చేపల బతుకే. నీళ్ళలో వెదురు బుట్టలు పెడతారు. చేప లోపలికి పోతుంది గానీ తిరిగి రాలేదు. వాటిని మావులంటారు. ఎవరి మావులు వాళ్ళవి, ఎవరి చోటు వాళ్ళది. తెల్లవారుజామునే వెళ్ళి ఎవరిది వాళ్ళు ఎత్తుకుంటారు. ఇంకొకడి మావు ఎత్తడమంటే ఆ ఊళ్ళో ఇంకొకడి కంచంలో చెయ్యి పెట్టడమే.

నేను వెళ్ళిన ఏడాది వానలు వెనకబట్టాక, మావులు ఖాళీగా ఉంటున్నాయని గొడవ మొదలైంది. ఇవాళ ఒకరిది, రేపు ఇంకొకరిది. నీటికుక్కలు ఎత్తుకుపోతున్నాయేమోనని ఒక ముసలమ్మ అంది. ఆమె మాట ఎవరూ వినలేదు. నీటికుక్క మీద అనుమానపడితే మనిషికి ఏం తృప్తి ఉంటుంది? మాట మెల్లగా చేతులు మారి ఒక మనిషి దగ్గర ఆగింది.

నేను గట్టుకి వెళ్ళొచ్చినప్పుడల్లా నన్ను దోనెలో దాటించే మనిషి అతను. నడివయసు. మాట తక్కువ. తన మావులు తనే ఒంటరిగా కూర్చుని అల్లుకునేవాడు. అందరికన్నా ముందు లేచేవాడు కాబట్టి కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఊళ్ళో వాళ్ళ సంగతి ఎందుకు, నాకే అతని మీద అనుమానం. అందరూ నా చేత ఉత్తరాలు చదివించుకుంటారు, ఇతనెందుకు చదివించుకోడు? అడక్కుండానే రెండుసార్లు కొరమేను చేపలు తెచ్చి నా పాక గుమ్మంలో పెట్టాడు. ఎందుకు పెట్టాడు? ఊరికే ఇచ్చేవాడి మీద నాకు నమ్మకం లేదు. అతనికి ఉత్తరాలు రాసేవాళ్ళే లేరనీ, ఒంటరిగా వండుకు తినే కుర్రపంతులి మీద జాలిపడ్డాడనీ నాకు తట్టలేదు. తట్టినా నమ్మేవాణ్ణి కాదు.

చివరికి ఊరి పెద్ద పొగప్రమాణం పెట్టిస్తానన్నాడు. అది వాళ్ళ తాతల నాటి ఆచారం. నింద పడ్డవాడు కొల్లేట్లో మునిగి, తడిబట్టలతో నిప్పుల కుండ ముందు నిలబడతాడు. నిప్పుల మీద మహిసాక్షి అనే ధూపం వేస్తారు. ఆ పొగలోకి ముఖం వంచి, నేను ముట్టలేదు అని మూడుసార్లు అనాలి. గొంతు చెదరకుండా అంటే నింద పోయినట్టే. తడబడితే దొంగ. ఆ పెద్ద నా పాకకి వచ్చి, అరుగు మీద కూర్చోకుండా నిలబడే అడిగాడు.

"పంతులుగారండీ, మహిసాక్షి అంటే ఏంటండి అర్థం? మా పెద్దోళ్ళు అనేవోరు, మేం అంటన్నాం. మీరు చదూకున్నోరు కదా, చెప్పండి."

నాకు తెలియదు. నా దగ్గర అట్ట ఊడిన నిఘంటువు ఒకటుండేది. మహిసాక్షి దగ్గర చూస్తే 'గుగ్గిలము' అనుంది. గుగ్గిలము దగ్గరికి పోతే 'మహిసాక్షి' అనుంది. ఒకరిని అడిగితే రెండోవారింటికి పంపే ఆఫీసు గుమాస్తాల్లా ఉన్నాయి ఆ రెండు మాటలూ. తెలియదని చెప్పేస్తే సరిపోయేది. కానీ ఇరవై మూడేళ్ళ పంతులికి ఆ ముక్క అంత తేలిగ్గా నోటికి రాదు.

"మహి అంటే భూమి. సాక్షి అంటే సాక్షే. భూమే సాక్షి అని అర్థం. దాని పొగలో అబద్ధం నిలవదు," అన్నాను.

ఆ ఆఖరి ముక్క నన్నెవరూ అడగలేదు. ఊరి పెద్ద రెండు చేతులూ జోడించి, "అమ్మమ్మా, ఎంత మాటండి! ఇన్నాళ్ళూ మాకు తెలవనే తెలవదు," అన్నాడు. సాయంత్రానికల్లా ఆ అర్థం ఊరంతా తిరిగింది. బళ్ళో పిల్లలు కూడా ఒకరి మీద ఒకరు భూమి సాక్షి అని ఒట్లు పెట్టుకున్నారు. నేను చెప్పిన పాఠాల్లో వాళ్ళు అంత బాగా పట్టుకున్నది ఇంకోటి లేదు.

మర్నాడు బడి పని మీద ఏలూరు వెళుతుంటే మహిసాక్షి తెచ్చే పని కూడా నాకే అప్పజెప్పారు. ఏలూరు బజారులో ఒక మూలికల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన నెమ్మదస్తుడు.

"ఏవండీ, పడవకాండి, ధూపానికాండి?" అన్నాడు.

ఆ ప్రశ్నతోనే నా భూతం లేచి కూర్చుంది. రెండు రకాలున్నాయని చెప్పి ధర ఎక్కువదాన్ని అంటగట్టే ఎత్తు అనుకున్నాను.

"మహిసాక్షి అన్నా గుగ్గిలం అన్నా ఒకటే కదా?"

"పేరుకి ఒకటేనండి. సరుకు వేరండి."

"పేరు ఒకటైతే సరుకు వేరెలా అవుతుంది?"

ఆయన నవ్వి రెండు డబ్బాలు తెరిచి నా ముందు పెట్టాడు. ఒకదాంట్లో నల్లటి జిగురు ముద్దలు, మట్టీ బెరడూ అంటుకుని ఉన్నాయి. రెండోదాంట్లో పసుప్పచ్చగా, అద్దం ముక్కల్లా మెరిసే బెడ్డలు. నల్లదే ప్రియం. మట్టి కలిపిన సరుకుకి ఎక్కువ చెబుతున్నాడా, నన్నెవరనుకున్నాడు అనుకుని మెరిసే బెడ్డలు పొట్లం కట్టించుకున్నాను. ఆయన ఇంకేదో చెప్పబోయాడు. నేను వినలేదు. మోసపోలేదన్న సంతోషంతో స్టేషను దాకా నడిచాను.

తిరుగుదారిలో గట్టు దగ్గర నన్ను ఎక్కించుకోవడానికి దోనె పట్టుకుని నిలబడింది అతనే. తన మీద ప్రమాణం పెడుతున్నారని అతనికి తెలుసు. నా ఒళ్ళో పొట్లం దేనికో కూడా తెలిసే ఉంటుంది. సగం దూరం పోయాక గెడ వెయ్యడం ఆపి, గాలి వాసన చూశాడు.

"పడవ గుగ్గిలం వాసన వస్తందండి. దోనెకాండి?"

"నీకెందుకు?" అన్నాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఇతని వ్యవహారం అనుకున్నాను. సాక్ష్యం రాకముందే సాక్షి మంచివాడు కాదని చెప్పి పెట్టుకుంటున్నాడని నా లెక్క. అతను మళ్ళీ గెడ వేశాడు.

మర్నాడు పొద్దెక్కాక రేవు దగ్గర ఊరంతా చేరింది. అతను మునిగి వచ్చాడు. ఎవరో పొట్లం విప్పారు. బెడ్డలు చూడగానే అతను పెద్ద వైపు తిరిగి, "ఇది పడవలకి పూసే గుగ్గిలం అండి. మహిసాక్షి కాదండి బాబూ," అన్నాడు.

పెద్ద నా వైపు చూశాడు. "అంతేనాండి, పంతులుగారూ?"

అప్పుడైనా ఆగవచ్చు. కొట్టాయన అడిగిన ప్రశ్న నా చెవిలోనే ఉంది. కానీ అందరి ముందూ, నేను దొంగ అనుకుంటున్న మనిషి నా తప్పు పట్టుకోవడమా?

"రెండూ ఒకటే. పుస్తకంలో ఉంది," అన్నాను.

అగ్గిమీద గుగ్గిలం అని కోపిష్టి మనుషుల గురించి ఎన్నిసార్లో అన్నాను గానీ, కంటితో చూడటం అదే మొదలు. బెడ్డలు పడీపడగానే కుండలోంచి మంట భగ్గున లేచింది. దాని వెనక నల్లటి పొగ. అతను ముఖం వంచి "నేను ముట్ట..." అన్నాడు. అంతే. దగ్గు. కళ్ళ వెంట నీళ్ళు. మళ్ళీ ముఖం వంచాడు, మళ్ళీ దగ్గు. మూడోసారి మాటే రాలేదు. గాలి తిరిగి పొగ మా వైపు వచ్చినప్పుడు పెద్ద కూడా కండువా నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. అది నేను చూశాను. ఆయన దగ్గుని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, నేనూ తీసుకోలేదు.

ఊరి నీళ్ళలో మావు పెట్టకూడదు, దోనె వెయ్యకూడదు అన్నారు. వారం తిరక్కుండా అతనూ భార్యా తమ సామాను దోనెలో పెట్టుకుని, ఆమె పుట్టింటి వాళ్ళున్న ఇంకో లంకకి పోయారు. కొన్నాళ్ళు మావులు నిండుగానే ఉన్నాయి. నిప్పు లేనిదే పొగ రాదని ఊరు తృప్తిపడింది. తరువాత మళ్ళీ ఖాళీ అవడం మొదలుపెట్టాయి. అంత దూరం నుంచి చీకట్లో వచ్చి ఎత్తుకుపోతున్నాడన్నారు. ఊళ్ళో ఉన్నా అతనే దొంగ, లేకపోయినా అతనే. ఇది విన్నప్పుడు మొదటిసారి నాకు నా అనుమానం మీదే కొంచెం అనుమానం వచ్చింది. దాన్ని నొక్కేశాను.

ఆ వేసవిలో నా భార్య తాడేపల్లిగూడెంలో పుట్టింట పురుడు పోసుకుంది. ఆడపిల్ల. పసిదానికి స్నానం కాగానే ధూపం వేస్తారు కదా అని, పొట్లంలో మిగిలిన బెడ్డలు పట్టుకుని రైలెక్కాను. మా అత్తగారు నాతో సూటిగా మాట్లాడేది కాదు. తలుపు చాటు నుంచి కూతురితో చెప్పేది. కూతురు రెండు బారల దూరంలో ఉన్న నాకు మళ్ళీ చెప్పాలి. ఆవిడ పొట్లం విప్పి వాసన చూసి, గబుక్కున దూరం పెట్టింది.

"అమ్మాయీ, అల్లుడుగారిని అడగవే, ఇది ఎవరు తెమ్మన్నారో. ఇది పడవలకి పూసేది. పసిగుడ్డుకి ఈ పొగ పెడితే ఊపిరాడుతుందా?"

మా ఆవిడ అడగకముందే, "మహిసాక్షే కదా?" అన్నాను.

తలుపు చాటు నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి మా ఆవిడ అరచేతిలో ఒక నల్లటి ముద్ద పెట్టింది. "మహిసాక్షి అంటే ఇది. నీళ్ళతో తుడిచి వెలుతురులో చూడమను. గేదె కన్నులా ఉండదూ? మా అమ్మ అలా చూసే కొనేది."

తుడిచి చూశాను. నలుపులోపల ఎరుపు, పైన తడి మెరుపు. చెరువులో మునిగిన గేదె తల ఎత్తి చూసినట్టే ఉంది. మహిషం, అక్షి. గేదె కన్ను. అక్షరం ముక్క రాని ఆవిడ చూసి చెప్పిన అర్థం, నిఘంటువు పెట్టుకుని కూర్చున్న నాకు తెలియలేదు. అందులో భూమీ లేదు, సాక్షీ లేడు. సంస్కృతంలో గుగ్గులు అన్నది తెలుగులో గుగ్గిలం అయింది. ఆ పేరునే పడవలవాళ్ళు వేరే చెట్ల జిగురుకి కూడా పెట్టుకున్నారు. అసలు సరుకు కావలసినవాళ్ళు కలగలుపు కాకుండా దాన్ని మహిసాక్షి అని అడుగుతారు. కొట్టాయన ఈ మాట చెప్పడానికే నోరు తెరిచాడు.

ఆవిడ ఆ ముద్దలో చిన్న ముక్క నిప్పుల మీద వేసింది. మంట లేవలేదు. కుతకుతమని ఉడికి, తెల్లటి పొగ పల్చగా లేచింది. చేదు కలిసిన మంచి వాసన. పిల్ల నిద్ర లేవలేదు. నేను కుంపటి మీదికి వంగి, "నేను ఎవరికీ అన్యాయం చెయ్యలేదు," అని మూడుసార్లు అన్నాను. దగ్గు రాలేదు, గొంతు కొంచెమైనా చెదరలేదు.

"ఏంటండీ అది, ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది మా ఆవిడ. నాకు ఏడుపొచ్చింది. పొగ అన్నాను.

తిరిగి వెళ్ళగానే పెద్దనీ పదిమందినీ రేవు దగ్గరికి పిలిచాను. మాటకి నేను చెప్పిన అర్థం తప్పు, తెచ్చిన సరుకు తప్పు, అతను చెప్పిందే నిజం అన్నాను. గేదె కన్ను అంటే నలుగురైదుగురు నవ్వారు. పెద్ద నవ్వలేదు.

"మాట అర్థం మారితే దగ్గు మారుద్దాండి? మా తాతల నాటి నుంచీ ఎందరో ఈ పొగలో నిలబడ్డారండి. ఎవళ్ళూ దగ్గలేదు. దగ్గినోడు వాడొక్కడే."

అప్పుడు నాకు ఆ ఆచారం తెలిసొచ్చింది. వాళ్ళ తాతలు వేసింది అసలైన మహిసాక్షి. అందులో ఎవడికీ దగ్గు రాదు. అందరూ నిర్దోషులుగా బయటికి వస్తారు, నింద చల్లారుతుంది, మళ్ళీ పక్కపక్కన మావులు పెట్టుకుంటారు. దొంగని పట్టడానికి కాదు, వదిలిపెట్టడానికి పెట్టుకున్న ప్రమాణం అది. దాన్ని ఉరితాడు చేసింది నేను.

ఇదంతా నోటితో చెబితే నమ్మరని, నాతో వెనక్కి తెచ్చిన బెడ్డలు నిప్పుల్లో పోసి నేనే ముఖం వంచాను. "అతను దొంగ కాదు" అని మూడుసార్లు అందామని. నిజం చెప్పేవాడికి కూడా దగ్గు వస్తుందని వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూస్తారు కదా. మొదటి మాటకే ఊపిరి పట్టేసింది. దగ్గి దగ్గి నేల మీద కూర్చుండిపోయాను. తల ఎత్తి, చూశారా అన్నట్టు అందరి వైపూ చూశాను.

చూశారు. పెద్ద నెమ్మదిగా, నన్ను నొప్పించకుండా అన్నాడు: "మీ మనసు మంచిదండి. కానీ వాణ్ణి కాపాడదామని అబద్ధం చెబుతున్నారు. పొగ పట్టేసిందండి."

రెండు రోజుల తరువాత ఇంకొకరి దోనెలో ఆ లంకకి వెళ్ళాను. అతను ఎండలో కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు. లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. తాడేపల్లిగూడెంలో తెలిసింది, రేవు దగ్గర జరిగింది అంతా చెప్పాను. నాదే తప్పని చెప్పాను. అతను తల వంచుకుని విన్నాడు.

"మీకూ దగ్గొచ్చిందాండి?"

"వచ్చింది. ఎవరికైనా వస్తుంది."

"నాకు రాకూడదండి," అన్నాడు. "పాతికేళ్ళుగా ఆ గుగ్గిలం కాచి దోనెలకి పూస్తున్నానండి. ఆ పొగలో నిలబడే అన్నం తిన్న రోజులున్నాయి. ఎప్పుడూ అంత దగ్గు రాలేదు. ఆ రోజే ఎందుకొచ్చిందో మరి." నీళ్ళ వైపు చూశాడు. "చీకట్లో ఎత్తుతాం కదండీ మావులు. నాదనుకుని ఎప్పుడైనా ఇంకోళ్ళది ఎత్తానేమో. ఎంత గుర్తు చేసుకున్నా తేలట్లేదండి."

భయపడ్డ మనిషికి, అందరూ చూస్తుండగా ముఖం వంచిన మనిషికి, అలవాటైన పొగ కూడా గొంతు పట్టుకుంటుందని చెప్పాను. విన్నాడో లేదో. గుమ్మంలో నిలబడ్డ అతని భార్య అప్పుడు మాట్లాడింది.

"ఆయన దొంగ కాదని నాకు తెలుసండి. ఆయనకే తెలవట్లేదు."

అతను నా ముఖంలోకి చూశాడు. ఇన్నాళ్ళ పరిచయంలో అతను సూటిగా నా కళ్ళలోకి చూడటం అదే మొదటిసారి.

"అయితే నేను తియ్యలేదంటారాండి?"

"తియ్యలేదు," అన్నాను.

అన్నాను గానీ, అనే ముందు ఆగాను. ఒక్క క్షణమే. పొరపాటున ఎత్తానేమో అని తనే అంటున్నాడు కదా, నిజంగా ఎత్తి ఉంటాడా అన్న ఆలోచన అన్నీ తెలిసిన తరువాత కూడా నాలో మెదిలింది. అతను నా ముఖమే చూస్తున్నాడు కాబట్టి ఆ ఆగడం కూడా చూశాడు.

"సరేనండి," అని కూర్చుని, మళ్ళీ వల ఒళ్ళోకి లాక్కున్నాడు.